డ్రైవరు గారి కాలు గురించి బండి చెప్పిన మాట

రెండేళ్ల క్రితం, దసరా పూజ సెలవులు ముగిసిన వారంలో, ఖరగ్‌పూర్‌లో ఇళ్లకు ఆయాలను పంపే మా సెంటరు నడిపే దీదీ నన్ను ట్రాఫిక్ కాలనీలో ఒక కేసుకు పంపింది. పగటి డ్యూటీ. పేషెంటు డేనియల్ గారు రైలింజను నడిపి రిటైరైన మనిషి. కాలనీలో పెద్దవాళ్లూ పిల్లలూ ఆయన్ని డ్రైవరు గారనే పిలుస్తారు. షుగరు వ్యాధితో ఎడమ పాదానికి పుండు పడి, వేళ్లు నల్లబడ్డాయి. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఆయన కొడుకు ప్రకాశ్ పేరు మీద ఉన్న క్వార్టర్లో ఉండేవారు. భార్య లేదు. కూతురు సుగుణ విశాఖపట్నంలో కాపురం.

నా చదువు మూడో తరగతితో ఆగింది. రైల్వే ఆసుపత్రిలో ముందు ఊడ్చే పనికి చేరి, తర్వాత వార్డు ఆయానయ్యాను. రిటైరయ్యాక మనవల మీద ఆధారపడటం ఇష్టం లేక సెంటరులో పేరు రాయించుకున్నాను. ఆయా అంటే నర్సు కాదు. సూది వేయకూడదు, కట్టు విప్పి పుండు శుభ్రం చేయకూడదు. అవి సిస్టరు పనులు. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, చీటీలో ఉన్న మాత్రలు వేళకు అందించడం, తేడా కనిపిస్తే పేషెంట్ పార్టీకి చెప్పడం మా పని. రోగి ఇంటివాళ్లను బెంగాల్ ఆసుపత్రుల్లో పేషెంట్ పార్టీ అంటారు. డాక్టరు మాట్లాడేది వాళ్లతోనే, సంతకం తీసుకునేదీ వాళ్ల దగ్గరే. మాకు మొదటి రోజే నేర్పే నియమం ఒకటుంది. జబ్బు సంగతి పేషెంట్ పార్టీకి తెలిస్తే చాలు. పేషెంటు అడిగితే ‘తగ్గిపోతుంది’ అనాలి. నేనెన్నో వార్డుల్లో, ఎంతోమంది పక్కన కూర్చుని ఆ మాటే అన్నాను.

డ్రైవరు గారి కేసులోనూ అంతే. మోకాలి కింద కాలు తీసేయాలని కలకత్తా ఆసుపత్రి సర్జను ప్రకాశ్‌కు చెప్పాడు. ప్రకాశ్ తండ్రితో, పెద్దాసుపత్రిలో మంచి డ్రెస్సింగు చేసి రెండు రోజుల్లో పంపేస్తారని చెప్పాడు. నన్ను గుమ్మం బయట నిలబెట్టి అసలు సంగతి చెప్పాడు.

“పిన్నీ, ఆయనకి తెలిస్తే ఇల్లు కదల్డు. ఆపరేషన్ అయిపోయినాక నేనే సెప్తాను. నువ్వు నోరు మెదపకు.”

సరేనన్నాను. అది మా పద్ధతే కాబట్టి నాకేమీ తప్పుగా తోచలేదు.

ప్రకాశ్ అంతకు ముందు ఏడాది కరెంటు కారు కొన్నాడు. అంబులెన్సుకు డబ్బు దండగెందుకని అందులోనే బయలుదేరదీశాడు. ముందు సీటు ఎదురుగా రొట్టెల ట్రే అంత తెర ఉంది. ఆ తెర మీద తండ్రీ కొడుకులకు రోజూ పేచీయే. కారుకు దానిదే మ్యాపు, దానిదే పాటల పెట్టె ఉన్నాయి. ఛార్జి ఎంతుందో, దారిలో ఎక్కడ మళ్లీ పెట్టుకోవాలో ఆ మ్యాపు పెద్ద అక్షరాలతో చూపుతుంది. కానీ ఏడాది దాటితే దానికి విడిగా రుసుము కట్టాలి. ప్రకాశ్ కట్టనన్నాడు. తన ఫోనునే కారుకు కలిపేశాడు. వైరు కూడా అక్కర్లేదు. అతను తలుపు తీసి కూర్చోగానే ఫోను దానంతటదే కారును పట్టుకుంటుంది, తెర నిండా ఫోను బొమ్మే పరుచుకుంటుంది.

ఆ పొద్దున వెనక సీట్లో దిండు వేసి, డ్రైవరు గారి ఎడమ కాలు నా ఒళ్లోకి వచ్చేలా పడుకోబెట్టాం. ఆయన మెడ ఎత్తి తెర వైపు చూశారు.

“ఇంజన్లో మీటరు మూసీసి బండి తోల్తారేట్రా? ఛార్జి ఎంతుందో కనపడాల వద్దా?”

“మూల్న సిన్నగా కనిపిస్తంది సూడు నాన్నా. ఫోన్లో దారి బాగా సెప్తాది. ఎక్కడ జామైందో దానికి ముందే తెలుస్తాది.”

“దానికి అన్నీ తెలుసు. నీకే ఏటీ తెల్దు.”

నేను ప్రకాశ్ పక్షమే మాట్లాడాను. “ఉన్న ఫోనుకి రీఛార్జి సేస్తూ, మళ్లీ బండికి ఇంకోటి కట్టడం ఏటి డ్రైవరు గారూ, తేరగా వొస్తందా డబ్బు?” అన్నాను. ఒకే పనికి రెండు చోట్ల డబ్బు పోయడం నాకు ఎన్నడూ గిట్టదు. ఆయన మొహం తిప్పేసుకున్నారు.

డెబ్రా టోల్ గేటు దాటాం. లారీల మధ్యనుంచి బండి చప్పుడు లేకుండా పోతోంది. ప్రకాశ్ మ్యాపును కొంచెం పెద్దది చేద్దామని తెర మీదికి వేలు చాపాడు. సరిగ్గా ఆ వేలి కిందికే సుగుణ ఫొటో వచ్చి పడింది. ఫోను మోగడం, అది ఎత్తినట్టు కావడం ఒకేసారి జరిగాయి. మరుక్షణం సుగుణ గొంతు నాలుగు తలుపుల్లోంచీ వినిపించింది. నా మోచేయి ఆనించిన తలుపు కూడా మాట్లాడింది.

“ఒరే ప్రకాశూ, బయలెల్లినారా? కాలు తీసీడం రేపు పొద్దున్నే గదా? బాండ్ మీద నువ్వే సంతకం పెట్టీ. నాన్నకి మాత్తరం సెప్పకు. డ్రెస్సింగే అని లోపలికి పంపించీ. మత్తిచ్చినాక ఆయనకి ఏటి తెలుస్తాది?”

 వార్డులో మనుషులు పోవడం చూశాను. కానీ దాచమన్న మాటను, అది ఎవరి గురించో ఆ మనిషి చెవి పక్కనే గొంతెత్తి చెప్పడం ఎన్నడూ చూడలేదు. నా ఒళ్లో ఉన్న కాలు ఒక్కసారిగా బిగుసుకుంది.

ప్రకాశ్ తెర పక్కనున్న బొత్తాం నొక్కాడు. ఫోను బొమ్మ పోయి కారు సొంత బొమ్మ వచ్చింది, ఛార్జి అంకె పెద్దగా కనిపించింది. గొంతు మాత్రం ఆగలేదు. బొమ్మ మార్చినంత మాత్రాన కాల్ తెగదని అతనే తర్వాత చెప్పాడు. తెర కారుదైపోయినా మాట ఫోనుదే. అతను ఫోను కోసం తడుముకునేసరికి అది జారి సీటు సందులో పడింది.

“ఏరా, ఇనబడతందా? నాన్న పడుకున్నాడా?” అంది సుగుణ.

“నేదమ్మా,” అన్నారు డ్రైవరు గారు. “మెలుకువగానే ఉన్నాను. అంతా ఇన్నాను.”

ఆవిడ “నాన్నా” అని ఒక్క మాట అంది. తర్వాత కాల్ ఆవిడే పెట్టేసింది.

“ఆపరా బండి,” అన్నారాయన.

ప్రకాశ్ రోడ్డు వారకు తీసి ఆపాడు. ఆగగానే ఆయన తలుపు తీసి, ఆ కుళ్లిన పాదంతోనే కిందికి దిగబోయారు. నేను రెండు చేతులతో నడుము పట్టుకున్నాను. కట్టు జారి, దిండు మీద రసి పడింది. ఆ పక్కనుంచే లారీలు పోతున్నాయి. ఆయన ఇంటికి తిప్పమంటే విషం ఒంటికెక్కి పోతారు. అది నాకు తెలుసు, ప్రకాశ్‌కూ తెలుసు. ఇద్దరిలో ఎవరమూ ఆయన్ని బలవంతంగా తీసుకుపోలేం.

ఆయన నా వైపు తిరిగారు. “మేరమ్మా, నీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి?”

“సెప్పొద్దన్నారు.”

“ఎవులు?”

“పేషెంట్ పార్టీ.”

“కాలు నాదైతే ఆ పార్టీ ఎవులే?”

 ఆయన కొడుకును చూశారు. “ముందు రెడ్ సిగ్నలుందని గార్డుకి సెప్పి, డ్రైవరుకి సెప్పకండా బండి తోలించీడం ఎక్కడైనా సూసినావేట్రా?”

ప్రకాశ్ స్టీరింగు మీద తల ఆనించాడు. “నువ్వు రావని బయమేసింది నాన్నా.”

“ఆ డాక్టరుకి ఫోను కొట్టు. ఇందులోనే కొట్టు. దాసడానికి ఏటుంది ఇప్పుడు? అందరం ఇందాం.”

ప్రకాశ్ సందులోంచి ఫోను తీసి చేశాడు. సర్జను బెంగాలీ మనిషి, హిందీలో మాట్లాడతాడు. రోగి ఏమైనా తిన్నాడా అని మొదలుపెట్టాడు. డ్రైవరు గారు మధ్యలో అందుకుని, తానే పేషెంటునని, ఇప్పుడే సంగతి తెలిసిందని, మొత్తం చెప్పమని హిందీలో అడిగారు.  రోగి ఒప్పుకున్నాడని కొడుకు చెప్పాడే అన్నాడు సర్జను. తర్వాత దాచకుండా చెప్పాడు. విషం పాదం దాటి పైకి పోతోంది. ఇప్పుడైతే మోకాలు మిగులుతుంది. ఆలస్యమైతే తొడ దగ్గర తీయాలి, ప్రాణానికే ముప్పు రావచ్చు. చివరగా, పూజకు ముందు మొదటిసారి చూపించినప్పుడే చేర్చి ఉంటే వేళ్లు మాత్రం తీస్తే సరిపోయేదని అన్నాడు.

ఆ సంగతి నాకు తెలియదు. తండ్రికి ఎలా చెప్పాలో తోచక ప్రకాశ్ ఇన్నాళ్లూ వాయిదా వేశాడు. దాపరికం కాపాడటానికి ఒక పాదం ఖర్చయిపోయింది.

డ్రైవరు గారు కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. ముందుకు వంగి కొడుకు కాళ్ల దగ్గరున్న పెడళ్లను చూశారు.

“ఈ బండికి క్లచ్ నేదు గదా?”

“నేదు నాన్నా.”

“ఎడం కాల్తో పని నేదన్నమాట.” మళ్లీ ఫోను వైపు, “ఠీక్ హై సాబ్, ఆ రహా హూఁ. సైన్ మై కరూఁగా,” అన్నారు. తాను వస్తున్నానని, సంతకం తానే పెడతానని. తర్వాత కొడుకుతో, “ఆ ఫోను పూర్తిగా ఆపీసి జేబులో ఎట్టు. మీటరు బొమ్మ ఉంచు. మేరమ్మా, కాలు పైకెట్టు,” అన్నారు.

కలకత్తా చేరేలోగా ఫోను లేక ప్రకాశ్ ఒకచోట దారి తప్పి, చుట్టూ తిరిగి వచ్చాడు. అయినా ఆన్ చేస్తానని అడగలేదు.

మోకాలి కింద తీశారు. కుట్లు విప్పేదాకా నేను ఆ కేసులోనే ఉన్నాను. సుగుణ రెండో రోజే వచ్చి తండ్రి మంచం పక్కన కూర్చుంది. డిశ్చార్జి అయ్యేదాకా ఆయన ఆవిడతో మంచినీళ్లు అడగడానికి తప్ప మాట్లాడలేదు. ప్రకాశ్ కారుకు రుసుము కట్టి, దాని మ్యాపే వాడుతున్నాడు. అది దారి కొంచెం ఆలస్యంగా చెబుతుందట. నా మట్టుకు, రోగిని ఎక్కించే ముందు ఈ బండికి ఎవరి ఫోను కలిసి ఉందని అడుగుతాను, ఆపించాకే తలుపు వేస్తాను. ఒకే పనికి రెండు ఖర్చులెందుకన్న మాట మళ్లీ అనలేదు.

అయితే ఫోను ఆపడం సగం పనే. డ్యూటీ దిగాక సెంటరు దీదీతో చెప్పాను. ఒంట్లో ఏదైనా తీసేసే కేసైతే, ఆ మనిషికి చెప్పారో లేదో కనుక్కుని నన్ను పంపమన్నాను. అలా అయితే పార్టీలు వేరే సెంటరుకు పోతాయని దీదీ కోప్పడింది. రెండు కేసులు పోయాయి కూడా. పోనిచ్చాను. తన కాలు పోతోందన్న మాట మనిషికి మనిషే చెప్పాలి, అదీ వేళ్లతో పోయే రోజుల్లోనే చెప్పాలి.