ఐదుగురికీ ఒకే ఆది

మేము మిషను తొక్కడం మొదలుపెట్టిన కాలంలో ఆడవాళ్ళ కొలతలు టేపులో కన్నా కుట్టేవాళ్ళ కళ్ళలోనే ఎక్కువ ఉండేవి. మనిషి గుమ్మం ఎక్కుతుంటేనే భుజం ఎంతో, చెయ్యి ఎంతో తెలిసిపోయేది. (ఇప్పుడు గుమ్మం ఎక్కేది ఎవరో తెలియడానికే కళ్ళజోడు కావాలి.) నేను చదివింది మూడో తరగతి. ఆపైన చదువంతా తెనాలిలోని మా కుట్టు కొట్లోనే. దుబారా అంటే నాకు గిట్టదు, ఊడిన హుక్కు కూడా పారెయ్యనివ్వను. అలాంటి నా దగ్గరికి, బాపట్లలో కంప్యూటరు చదువు పూర్తిచేసుకొచ్చిన మనవరాలు వచ్చి, "నాయనమ్మా, మన కొట్టుకొచ్చే వాళ్ళ ఆదులు, కొలతలన్నీ కంప్యూటర్లో పెడతానే. ఉద్యోగం వచ్చేదాకా ఇదే నా ఉద్యోగం" అంది. "కరెంటు ఎంత కాలుద్దే దానికి?" అన్నాను. అంతకు మించి ఏమడగాలో నాకు తెలియలేదు.

నెల తిరిగేసరికి అది అన్నంత పనీ చేసింది. లోపల రెండు టేబుళ్ళట. ఒకదాంట్లో ఎవరు ఏ గుడ్డ కుట్టడానికిచ్చారో ఉంటుంది, రెండోదాంట్లో ఎవరి ఆది ఎంతో ఉంటుంది. ఫోను నంబరు ఆనవాలుగా పట్టుకుని, రెండోదాంట్లోని ఆది తెచ్చి మొదటిదాంట్లో నింపమని ఒక ఆజ్ఞ రాసింది. మీట నొక్కితే అందరి కొలతలూ ఒక్క గుక్కలో వచ్చి ఎవరి వరసలో వాళ్ళవి కూర్చున్నాయి. కత్తిరింపు మాస్టరుకి ఇక టేపు వెతుక్కునే పని లేదు, అచ్చు కొట్టిన కాగితం చూసి కత్తెర ఆడించడమే. నాలో నేను మురిసిపోయాను. (పైకి మురిస్తే పిల్లలు చెడిపోతారు.)

సరిగ్గా అప్పుడే భట్టిప్రోలు నుంచి పెళ్ళివారు వచ్చారు. పెళ్ళికూతురు, తల్లి, పిన్ని, వదిన, మేనత్త, మొత్తం ఐదుగురు. అందరూ కొలతలిచ్చారు, పట్టుచీరల్లోని జాకెట్టు గుడ్డలిచ్చారు. ఆ గుడ్డ పాడైతే ఆ రంగు, ఆ అంచు మళ్ళీ దొరకవు. మా వైపు ఒక పద్ధతుంది. ఇంట్లో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నా కొట్లో ఇచ్చేది ఇంటి పెద్దాయన నంబరే. వీళ్ళూ అంతే, ఐదుగురూ ఆయన నంబరే చెప్పి వెళ్ళారు.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే జాకెట్లు తొడిగి చూసుకోవడానికి వచ్చారు. మేనత్తగారు మంచి పుష్టి గల మనిషి. తెర వెనక నుంచి వెలిగిపోతూ బయటికొచ్చి, "అబ్బబ్బ! ఇన్నేళ్ళకి నాకు సరిగ్గా కుట్టినవాళ్ళు దొరికారండీ!" అంది. వెనకాలే తల్లి వచ్చి, "ఏంటండీ ఇది, గోనెసంచిలా ఉంది?" అంది. పిన్నిదీ అంతే, వదినదీ అంతే. ఆఖరున పెళ్ళికూతురు జారిపోతున్న భుజాలు రెండు చేతులతో పట్టుకుని వచ్చింది.

"అత్తా, నువ్వూ ఇందులోకి వచ్చెయ్. ఇద్దరం కలిసే పీటల మీద కూర్చుందాం."

"నోర్ముయ్యవే! అగ్గిపుల్లలా ఉండి నన్నంటావా?"

అందరూ నవ్వారు. పెళ్ళికూతురూ నవ్వింది గానీ, నవ్వు పూర్తవకుండానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రేపు పొద్దున్నే ముహూర్తమండీ" అంది చిన్నగా. తల్లి నా వంక చూసి, "మీ పేరు విని ఇంత దూరం వచ్చామండి. మా ఊళ్ళో కుట్టేవాళ్ళు లేకనా?" అంది. ఆ మాట సూదిలా దిగింది.

నేను మాస్టరు మీద పడ్డాను. "కళ్ళెక్కడ పెట్టుకుని కత్తిరించావయ్యా?"

"కాగితంలో ఉన్నదే కత్తిరించానండి, పెద్దమ్మగారూ."

ఇంకో మాట అనబోతుండగా మనవరాలు మధ్యకి వచ్చింది. "మాస్టరుగారిని అనకు నాయనమ్మా. తప్పు నాది" అంది, అంతమంది ముందూ. ఇరవై రెండేళ్ళ పిల్ల! ఆ మాటకి తల్లి కోపం సగం దిగిపోయింది.

కంప్యూటరు తెరిచి చూసి సంగతి చెప్పింది. "ఒకే నంబరు మీద ఐదు ఆదులున్నాయి. ఏది ఎవరిదో నేను చెప్పలేదు. కంప్యూటరు తన చేతికందిన ఒకటి తీసుకుని ఐదుగురికీ పెట్టేసింది."

"ఏది పెట్టాలో అడగదా?"

"అడగదు నాయనమ్మా. పని అయిపోయింది అంటుంది, అంతే."

(అలాంటి మనుషుల్ని నేను చాలామందినే చూశాను, మా ఇంట్లోనే ఒకరుండేవారు.)

చేతికందింది మేనత్తగారి ఆది కావడం మా పుణ్యం. పెళ్ళికూతురిది పడుంటే మిగతా నాలుగు గుడ్డలూ అతుకు వెయ్యడానికైనా పనికొచ్చేవి కావు. సాయంత్రం వాళ్ళ ఊరి మీదుగా పోయే రేపల్లె బండికి అందిస్తామని మాటిచ్చి, నేనూ మాస్టరూ కుట్లు విప్పడానికి కూర్చున్నాం. మేనత్తగారు తన జాకెట్టు గుండెకి హత్తుకుని, "దీన్ని మాత్రం ముట్టుకోకండి!" అంది. మనవరాలు చూస్తే కంప్యూటరు ముందు నుంచి లేవదు.

"ఇక్కడ కొంప మునుగుతుంటే అక్కడేం చేస్తున్నావే?"

"పిట్టలవానిపాలెం నుంచి గుడ్డలిచ్చినవాళ్ళ ఆదులూ ఇలాగే పడ్డాయి. ఇంకా కత్తెర పెట్టలేదు, ముందు వాటిని ఆపాలి."

నాకు కళ్ళముందున్న మంటే కనపడింది, ఆ పిల్ల పక్కింటి చూరు కూడా చూసింది. నంబరుతో పాటు మనిషి పేరు కూడా కలవాలనీ, అప్పటికీ ఒకటి కంటే ఎక్కువ దొరికితే ఏదీ నింపకుండా తనకి చూపించాలనీ ఆజ్ఞ తిరగరాసింది. తర్వాత వచ్చి నా పక్క మిషను మీద కూర్చుని, పెళ్ళికూతురి జాకెట్టు తనే బిగించింది. మిగిలిన గుడ్డ కత్తిరించకుండా లోపలికే మడిచింది. నేను చెప్పకుండానే!

బండి వేళకి పెళ్ళికూతురు తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వెళ్ళింది.

ఆ సాయంత్రమే మనవరాలు నన్ను కంప్యూటరు ముందుకి పిలిచింది. "కొత్త ఆదులు వచ్చాయి నాయనమ్మా. ఇంకా సేవ్ చెయ్యలేదు. నువ్వు చూసి సరే అన్నాకే" అని వేలు మీట మీద ఆనించీ ఆనించకుండా ఆగింది. ఇప్పటికీ అంతే. ఆ తెర మీద సగం నాకు అర్థం కాదు. పేర్లూ అంకెలూ మాత్రం కూడబలుక్కుని, మొహం గంభీరంగా పెట్టి, ఒక్కో వరసా చదువుతాను. నిజానికి అంతసేపు పట్టదు. తొందరగా సరే అంటే లేచి వెళ్ళిపోతుందని నెమ్మదిగా చదువుతాను.