మిషిన్ ఉన్న చోటు

రోడ్డు వెడల్పు చేస్తున్నారని విని, లక్సెట్టిపేట బజారును నా పాత ఫిలిం కెమెరాతో తీద్దామని విజయవాడ నుంచి వెళ్లాను. అప్పటికే దుకాణాల ముందు భాగాలు కొట్టేసి కంకర పోశారు. రీలులో ఒక్క ఫోటో మిగిలిందనగా, మెడలో కొలతల టేపు వేసుకున్న ఒక పెద్దాయన పిలిచాడు.

"సార్, జర నా దుకాన్ ఫోటో తియ్యుండ్రి."

వెనక మిగిలిన చిన్న గది వైపు కెమెరా ఎత్తాను.

"గా అర్ర గాదు సార్" అంటూ ఆయన పాత తారు అయిపోయే చోట చెప్పులు విడిచి, కంకర మీద నాలుగడుగులు వేసి నిలబడ్డాడు. "గిక్కడనే నా మిషిన్ ఉండె. గిది తియ్యుండ్రి."

ఉన్న ఒక్క ఫోటోలో నేను తీయాల్సింది ఆయననా, కంకరనా? దగ్గరికి నడిచాను. ఆయన నా కాళ్ల వంక చూశాడు.

"చెప్పులతోని మిషిన్ కాడికి వస్తరా సార్? అవుతల ఇడిసి రాండ్రి."

నాకేమీ అర్థం కాలేదు. అయినా వెనక్కి వెళ్లి చెప్పులు విడిచాను. కంకర గుచ్చుకుంటుంటే ఫోటో తీశాను.

తిరిగి వచ్చేసరికి మా చెప్పుల పక్కన ఇంకో జత ఉంది. జాకెట్ గుడ్డ పట్టుకున్న ఒకావిడ ఒట్టి కాళ్లతో, కంకర మీదుగా, ఆయన గదికి నడిచి వెళ్తోంది.