పక్క సీటు లెక్క

ఫిర్యాదుల ఆఫీసులో రిపోర్టులు తీసే ఆవిడను అందరూ రిపోర్టక్క అంటారు. కావలసిన వివరాల కోసం కంప్యూటర్‌కు ప్రశ్న రాసి, కళ్లజోడు పైకి తోసుకుని, రెండుసార్లు పొడిగా దగ్గి, అప్పుడు మీట నొక్కుతుంది. ఎవరెన్ని ఫిర్యాదులు తీర్చారో చెప్పే నెలవారీ రిపోర్టుకు మాత్రం మూడు నెలలుగా చివర ఒక షరతు తగిలిస్తోంది: పక్క సీటాయన పేరు తప్ప. "ఆ దగ్గుకి మందు వేసుకో అక్కా" అని రోజూ పోరే ఆయన గుండెపోటుతో పోయాడు. కుర్చీ కూడా స్టోరు గదికి వెళ్లిపోయింది. ఆ షరతు లేకపోతే మాత్రం ఆయన పేరు ప్రతి నెలా అందరికంటే పైనే వస్తోంది. "ఖాతా మూయడం మర్చిపోయుంటారు, మెషీను తప్పులే" అని సిస్టమ్స్ ఆయన కొట్టిపారేశాడు.

ఈసారి మొత్తంలో నలభై ఒక్క ఫిర్యాదులు తగ్గాయి, అవి ఏమయ్యాయని మేనేజరు నిలదీశాడు. అవన్నీ ఆయన పేరు మీదివే. చేసేది లేక, వాటిలో ఒక ఫిర్యాదు ఇచ్చినవాళ్ల నంబరుకు తనే ఫోను చేసింది. ఎవరో పెద్దావిడ ఎత్తింది. మీ ఫిర్యాదు ఎవరు తీర్చారని అడిగితే, పక్క సీటాయన పేరే చెప్పింది. "నిన్ననే మాట్లాడాడమ్మా. ఎంత ఓపికో! ఒక్కసారి కూడా విసుక్కోలేదు." రిపోర్టక్క కళ్లజోడు పైకి తోసుకుంది. అలవాటుగా రెండుసార్లు దగ్గింది. అవతల పెద్దావిడ నవ్వింది. "ఓ, ఆ దగ్గు నీదేనా తల్లీ? మాట్లాడినంతసేపూ పక్కనుంచి వినిపిస్తూనే ఉంది. ఎవరు నాయనా అంటే, మా అక్క, మందు వేసుకోమంటే వినదు అన్నాడు."

ఫోను పెట్టేసి, రిపోర్టు ప్రశ్నను మళ్లీ తెరిచింది. తరువాత ఆ షరతు చెరిపేసి, దగ్గు బయటికి వినపడకుండా చేత్తో నోరు గట్టిగా మూసుకుని, మీట నొక్కింది.