ఈదనని కూర్చున్న ఇసుకదొందు

మా కాలేజీలో జువాలజీ గ్రూపు ఉండడమో పోవడమో ఒక చేప ఈదడం మీద ఆధారపడి ఉందని మేం గట్టిగా నమ్మిన రోజు ఒకటుంది. నవ్వొద్దు. చదువుకున్నవాళ్లమే నమ్మాం.

పిల్లలు తక్కువున్న గ్రూపులు ఎత్తేస్తున్నారని అప్పటికే వింటున్నాం. ఈలోగా పైనుంచి ఒక సారు మా కాలేజీ చూడ్డానికి వస్తున్నాడని ఫోనొచ్చింది. గ్రూపు పోతే పాఠం చెప్పే నన్ను ఎక్కడో ఓచోట సర్దుతారు. నాకు బెంగ మా అమ్మాయి గురించి. మా అమ్మాయంటే కన్నబిడ్డ కాదు, ఆ గ్రూపులో రోజూ క్లాసుకొచ్చే ఒకే ఒక విద్యార్థిని. కిన్నెరసాని అవతల అడవిలో వాళ్ల ఊరు. చేపల గురించే చదువుతానని ఇంట్లో కొట్లాడి చేరింది. ఖమ్మం పంపి చదివించే స్తోమత వాళ్లకు లేదు.

"ల్యాబులో ప్రాణమున్నది ఏదో ఒకటి కనపడాలండి మేడం," అన్నారు ప్రిన్సిపాల్. ఆయనది ఆంధ్రా సరిహద్దున వేంసూరు దగ్గర. కంగారు పడితే మాటలో అండీలు ఎక్కువవుతాయి. మా ల్యాబులో ఉన్నవన్నీ ఎప్పుడో పోయి ఫార్మలిన్ సీసాల్లో పడుకున్నవే. దాంతో అమ్మాయి ఊరెళ్లి, నీళ్ల క్యాను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇసుకదొందు చేపల జంటను తెచ్చింది. అద్దాల తొట్టిలో వేసి, ఒక పెంకు ముక్క పెట్టాం. ఆడది పెంకు అడుగున గుడ్లు అంటించి తన పని అయిందనుకుంది. దాన్ని బకెట్లోకి మార్చాం. మగది పెంకు ముందు కాపలా కూర్చుంది. ఇక కదిలితే ఒట్టు.

"ఇదేంటండీ, బదిలీ ఆర్డరొచ్చిన గుమాస్తాలా కూర్చుంది?" అన్నారు ప్రిన్సిపాల్.

నాకు ఈ చేపంటే పిచ్చి. అందుకే ఓపిగ్గా చెప్పాను. ఇది నేలను నమ్ముకున్న చేప సార్, కళ్లు చూడండి, నడినెత్తికి వచ్చేశాయి. కిందిరెక్కలు రెండూ కలిసిపోయి చిన్న గిన్నెలా అయ్యాయి, వాటితో రాయిని అదిమి పట్టుకుంటుంది. దీని చుట్టాలు సముద్రంలో ఉన్నాయి, బురదలో ఉన్నాయి, వాగుల్లో ఉన్నాయి. గోరంతే ఉండే రకాలున్నాయి. రొయ్య తవ్విన బొరియలో వాచ్‌మన్‌గా చేరి కిరాయి లేకుండా బతికేవీ ఉన్నాయి. ఆ గిన్నెతో రాళ్లు పట్టుకుని జలపాతం ఎక్కేవీ ఉన్నాయి.

"ఆ ఎక్కే రకం తెప్పించాల్సిందండి," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

సారు వచ్చే రోజు పొద్దున్నే ముగ్గురం తొట్టి చుట్టూ చేరాం. ప్రిన్సిపాల్ అద్దం మీద తట్టారు. చప్పట్లు కొట్టారు. "ఒక్క రౌండు, ఒక్కటంటే ఒక్కటి," అని చేపను బతిమాలారు. నేనూ బతిమాలాను, అబద్ధమెందుకు.

"గుడ్లను ఇడిసిపెట్టి ఎట్ల పోతది మేడం?" అంది అమ్మాయి. ఆ ముక్క మాకెవరికీ పట్టలేదు.

చివరికి ప్రిన్సిపాల్ మనవాళ్లకు చేతనైన పని చేశారు. తొట్టికి పసుపు రాయించి, కుంకుమ బొట్లు పెట్టించి, బంతిపూల దండ వేయించారు. కొబ్బరికాయ తొట్టి అంచున కొట్టబోతుంటే నేను అడ్డం పడ్డాను. పక్కన మెట్టు మీద కొట్టారు. ఇంత చేశాక చూస్తే పూలూ బొట్లూ తప్ప లోపలేముందో కనపడలేదు.

సారు జీపు దిగి వచ్చాడు. ప్రిన్సిపాల్ రొయ్య ముక్క ఆయన చేతిలో పెట్టి, "మీ చేతుల మీదుగా మేత వేయాలండీ," అన్నారు. మీ చేతుల మీదుగా అన్నాక కాదనే ఆఫీసరు మన దేశంలో ఇంకా పుట్టలేదు. సారు ముక్క జారవిడిచాడు. దొందు కదల్లేదు. "ఇంకొంచెం కిందికండి, ఇంకొంచెం," అంటూ ప్రిన్సిపాల్ ఆయన చేతిని మోచేతి దాకా నీళ్లలోకి పంపించారు. వేలు పెంకుకు తగిలిందో లేదో, దొందు లేచి కరిచింది.

సారు కేక పెట్టాడు. బంతిదండ నీళ్లలో పడింది. "కదిలిందండీ! సార్, కదిలింది చూశారా!" అని ప్రిన్సిపాల్ ఆయన రెండో చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. నాకూ సంతోషం ఆగలేదు.

"సార్, ఇక మా గ్రూపు ఉంచుతారు కదా?" అన్నాను.

ఆయన వేలికి రుమాలు చుట్టుకుంటూ నన్ను వింతగా చూశాడు. "గ్రూపుదా? అది తీసేసుడు పైననే అయిపోయింది మేడం. నేను రూము కొలుసుకపోదామని వచ్చిన. కంప్యూటర్లు ఎన్ని పడ్తయో సూడాలె గద." జేబులోంచి టేపు తీశాడు. తొట్టి అడ్డమొస్తే దాని మీదుగానే లాగి కొలిచాడు. టేపు రెండో కొస ప్రిన్సిపాల్ పట్టుకున్నారు.

సారు ల్యాబులోంచి వెళ్లాక అమ్మాయి నీళ్లలోంచి దండ తీసి పిండి కిటికీ మీద వేసింది. దొందు మళ్లీ పెంకు ముందు కూర్చుంది.

"పొద్దటి సంది చేపనే బతిమాలినం మేడం," అంది ఆమె. "ఆ సారును ఎవ్వరం బతిమాలకపోతిమి."

ఆయన చేతిలో ఏమీ లేదని నాకు తెలుసు. అయినా పరుగెత్తాను. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గేటు దాకా, గేటు దాటి భద్రాచలం రోడ్డు మీదికి, ఆగండి సార్ ఆగండని అరుస్తూ. జీపు మలుపు తిరిగిపోయింది.