కేలెండర్ బొమ్మ ముందు సామల అన్నం

పొద్దున్న ఫోన్లో ఆ పాత సినిమా నటి పోయారన్న వార్త, తెల్లచీరలో ఆవిడ ఫొటో చూశాను. మన హుకుంపేట హాస్టల్ వాళ్ళకి గుర్తుందా, చలికాలంలో ఆవిడ పంపిన ఎర్ర దుప్పట్లు? నాది ఇంటికి తెస్తే నానమ్మ కప్పుకుని ఇక వదల్లేదు. ఆ ఏడు కొత్తల పండక్కి కొత్త పంటతో వండిన తొలి సామల అన్నం అడ్డాకులో తీసుకెళ్ళి, గోడమీది కేలెండర్లో ఆవిడ బొమ్మ ముందు పెట్టింది.

అమ్మ ఆ ఆకు తీసేసింది. "బతికున్న మనిషికి పెడతారేటి అత్తా? అది దేవతకీ, పోయినోళ్ళకీ."

"సలికి దుప్పటిచ్చినావిడ దేవత కాదేటి?" అంది నానమ్మ.

ఇద్దరూ ఇప్పుడు లేరు. వార్త చదివితే నాకు ఏడుపేమీ రాలేదు. సామలు వండి, అడ్డాకులో ఓ ముద్ద పెట్టి ఫోన్ ముందు ఉంచాను.

అమ్మ ఉన్నా ఇవాళ ఆ ఆకు తీసేది కాదు.