సముద్రానికి మైలేటి?

మా మావగారు పోయారని ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేసేసరికి నేను మావగారి అక్వేరియం ముందు నీళ్ళ మగ్గుతో నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. భయం వచ్చింది. ఇక వీటిని నేనే బతికించాలా అనుకున్నాను. మనిషి పోయిన మాట చెవిన పడగానే చేపలు గుర్తొచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది గానీ, ఆయన గురించి రాస్తూ అది దాచడం నాకు చేతకాదు.

నాకు అన్నిటికీ భయమే. కుక్కరు పేలుతుందని భయం, ఆటో బోల్తా కొడుతుందని భయం, పొద్దున్నే ఫోను మోగితే భయం. మా వాళ్ళంతా ఆటపట్టిస్తారు. మావగారు ఒక్కరే ఎప్పుడూ నవ్వలేదు. నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసిన మనిషి. "బయం నేనోడు సేపల్ని పెంచకూడదమ్మా. బయముంటేనే రోజూ ఒంగి సూస్తాడు" అనేవారు. అందుకే కాబోలు, ఇంట్లో ఇంతమంది ధైర్యవంతులుండగా ఆ పని నేర్పడానికి నన్నే పట్టుకున్నారు.

అది ఉప్పునీటి అక్వేరియం. ముందుగదిలో ఎండ పడని గోడకి, బీరువా అంత వెడల్పున ఉంటుంది. పగడాలు అతుక్కున్న రాళ్ళు, ఇసుక, నాలుగంటే నాలుగే చిన్న చేపలు. నారింజరంగు మీద తెల్లచారలున్న జంట ఒకటి. చూపు ఆనని రొయ్యతో కలిసి ఒకే బొరియలో కాపురముండే చేప ఒకటి. రొయ్య తవ్వుతుంటే ఈ చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. నాలుగోది తెల్లటి ఒళ్ళు, ఎర్రతోక ఉన్న పిరికిది. తలుపు గట్టిగా వేస్తే చాలు, రాళ్ళలో దూరిపోతుంది. దాన్ని మావగారు నా పేరు పెట్టి పిలిచేవారు.

చూడవచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న, ఇంత పెద్దదానిలో నాలుగేనా అని. "పట్టడం ఏరు, పడ్డం ఏరు బావా. పట్టడానికైతే నలభై పడతాయి. ఒకదానికొకటి పడాల కదేటి!" అనేవారు మావగారు.

పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు వంటింట్లో రోజూ ఏదో ఒకటి వెతుక్కుంటూ విసుక్కునేవారు. నేను కాపురానికి రావడానికి ముందు రోజు మావగారు పప్పుడబ్బాలు, పోపులపెట్టె, చివరికి గ్యాసుపొయ్యి కూడా చోట్లు మార్చేశారట. "మీ మావకి మతి పోనాదనుకున్నానే" అనేవారు అత్తగారు. నాకూ అలాగే అనిపించింది. మూడేళ్ళ తర్వాత ఒక కొత్త చేప వచ్చింది. దాన్ని వదిలే ముందు మావగారు లోపలి రాళ్ళన్నీ అటువి ఇటు, ఇటువి అటు మార్చడం మొదలెట్టారు. ఎందుకని అడిగాను.

"పాతోటికి ఇది నా రాయి, అది నా బొరియ అని ఉంటాది. కొత్తది వస్తే తరుంతాయి. రాళ్ళు మార్చీసినాం అనుకో, అప్పుడందరూ కొత్తోలే. ఎవులి సోటు ఆలు ఎతుక్కుంటారు."

"అయితే మావయ్యా, ఆవేళ వంటింట్లో డబ్బాలు..." అన్నాను.

"సెయ్యి నీటిలో ఉన్నాది. మాటాడించకు" అన్నారాయన, నా వైపు చూడకుండా.

ఆయన దగ్గర నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. ఒకసారి విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఆయన సంతోషిస్తారని నిగనిగలాడే నీలం చేపనొకదాన్ని కొనుక్కొచ్చాను. వద్దనలేక వదిలారు. మూడోనాటికి అది మిగతావాటిని తరమడం మొదలెట్టింది. అప్పుడున్న ఎర్రతోక చేప బెదిరి బయటికి దూకేసింది. స్టాండు వెనకాల ఎండిపోయి నాకే దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని తన చేతిలోకి తీసుకున్నారు.

"అందం సూసినావు. గుణం అడగనేదు" అన్నారు. "పిల్లని సూడ్డానికెల్లినా ముందు గుణమే కదేటమ్మా అడుగుతాం."

ఆ నీలం చేపను పట్టి బయటికి తియ్యడానికి ఒక పూట పట్టింది. తర్వాత ఇంకో ఎర్రతోకను తెచ్చినప్పుడు, దాన్ని వదలాల్సింది నువ్వే అని గిన్నె నా చేతికిచ్చారు.

పోయిన నెల ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి వెళ్తూ కూడా నాకు చెప్పింది చేపల సంగతే. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కనక రోజూ మంచినీళ్ళే కలపమన్నారు. కరెంటు పోతే నీళ్ళలోకి గాలి ఊదే బ్యాటరీ మోటారుకి చార్జింగు పెట్టమన్నారు. నీళ్ళు కలిపాను. చార్జింగు మర్చిపోయాను. తొమ్మిదో రోజున ఆయన వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం శవం లేచింది. మగవాళ్ళు శ్మశానానికి వెళ్ళారు. శవం లేచిన ఇంట్లో నిలవనీళ్ళు మైల అని మావైపు ఉంచరు. బిందెలు, బకెట్లు, ఫ్రిజ్జులో సీసాలతో సహా పారబోసి కడుగుతారు. ఆ పనంతా మావగారి అక్క దగ్గరుండి చేయిస్తోంది. నాకు వరసకి పెద్దమ్మ. ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్ళని నేను చూడలేదు. వంటిల్లు ముగించి ముందుగదిలోకి వచ్చి అక్వేరియం ముందు ఆగింది.

"ఇదేటి, ఇన్ని నీళ్ళు ఉండిపోనాయి? సేపల్ని గిన్నెలో ఏసి ఇవి పారబొయ్యి."

అత్తగారిని ఏదీ అడిగే స్థితి కాదు. మా ఆయన శ్మశానంలో ఉన్నారు. ఆ నీళ్ళు పోతే రాళ్ళ మీది పగడాలతో సహా ఏదీ మిగలదు.

"పెద్దమ్మా, ఇవి సముద్రం నీళ్ళు. భావనపాడు రేవు నుంచి తెచ్చినవి" అన్నాను.

అది అబద్ధం. మొదట్లో తెచ్చేవారు గానీ, ఎన్నో ఏళ్ళుగా ఆయన ఇంట్లోనే పెద్ద డ్రమ్ములో మంచినీళ్ళకి, అక్వేరియాల కోసమని అమ్మే ప్యాకెట్టు ఉప్పు కలుపుతున్నారు. చావింట్లో పెద్దావిడతో అబద్ధమాడానని మరో భయం పట్టుకుంది.

పెద్దమ్మ మూత తీసి వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

"ఉప్పగానే ఉన్నాది" అంది. కాసేపు చేపలకేసి చూసింది. "సముద్రానికి మైలేటి? అందరి మైలా పోయి అందులోనే కదేటి కలుస్తాది. ఉండనీ."

నేను గబగబా మూత పెట్టేశాను. ఆ స్థిమితం ఎంతోసేపు లేదు. సాయంత్రం ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. అక్వేరియం మోటారు ఆగింది. బ్యాటరీ దాని మీట నొక్కితే చప్పుడు లేదు. గంట గడిచేసరికి చేపలు నాలుగూ పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. వాటిని చంపేది నా మతిమరుపే అని తెలుస్తూనే ఉంది. మగ్గు ముంచి, పైకెత్తి, ఆ నీళ్ళే మళ్ళీ అందులో పోయడం మొదలెట్టాను. తొందరలో సగం నేల మీద పడుతున్నాయి.

"ఏటే అలగ పోస్తన్నావు?" అంది పెద్దమ్మ వెనకనుంచి.

"పైనుంచి పోస్తే నీళ్ళలో గాలి కలుస్తుంది పెద్దమ్మా. లేకపోతే ఊపిరాడక చచ్చిపోతాయి."

అన్నాక నాలిక కరుచుకున్నాను. మావగారు పోయింది ఊపిరాడకనే. ఆసుపత్రిలో చివరి రెండు రోజులూ ఆయన మంచం పక్కన కూర్చున్నది ఈవిడే.

ఆవిడ లోపలికెళ్ళి కడిగి బోర్లించిన చెంబు తెచ్చింది. కొంగు బొడ్లో దోపింది. చెంబు ముంచి లేపి, "ఈ ఎత్తు సాలునా?" అని అడిగింది. చాలన్నాను. ఇద్దరం పోశాం. పొద్దున్నుంచీ ఆవిడ కంట నీటిచుక్క లేదు. ఇప్పుడు చెంపల మీద కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"మా తమ్ముడికి ఈపాటి గాలి ఇయ్యనేకపోనాం" అంది ఒకసారి.

చీకటి పడుతుండగా కరెంటు వచ్చింది. మోటారు మోగింది. చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. "చాలు పెద్దమ్మా, కరెంటొచ్చింది" అన్నాను. ఆవిడ చెంబు ముంచి, తల ఎత్తున లేపి, సన్నటి ధారగా పోస్తూనే ఉంది.