నా ఎడిటర్ కురిపించిన వాన

ఆ రోజుల్లో రచయిత కావాలంటే రాయాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. రాసేందుకు సరైన చోటు కుదిరితే చాలు, రాత దానంతట అదే వస్తుందని నా గట్టి నమ్మకం. చోటంటే కొండా కోనా కాదు, కంప్యూటర్లో అక్షరాలు కొట్టుకునే ప్రోగ్రాం. దాన్ని ఎడిటర్ అంటారు. అందులోనూ నాకు సాదా రకం కావాలి. రంగులు, లావు అక్షరాలు, గీతలు, బొమ్మలు, బొత్తాలు ఏవీ ఉండకూడదు. తెర మీద నేనూ నా అక్షరాలూ తప్ప మూడో మనిషి కనిపించకూడదు. (అక్షరాలు కూడా పెద్దగా కనిపించేవి కావు, అది వేరే సంగతి.) ఇప్పుడు తల సగం నెరిశాక ఈ పాత గొడవ ఎందుకు ఎత్తుకున్నానంటే, ఆ ఎడిటర్ల పిచ్చి వల్ల మా నాయనకు ఒక చెడ్డపేరు వచ్చింది. మా పల్లెలో ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతారు. ఆ కథలో తప్పు మా నాయనది కాదు. ఆ ఒక్క మాట నలుగురి ముందు చెప్పడానికే ఇదంతా.

అప్పుడు మేం ఉరవకొండలో బాడుగ ఇంట్లో ఉండేవాళ్ళం. చేను పల్లెలో, వజ్రకరూరు పోయే దోవలో. నాయన పొద్దున్నే బండి మీద పల్లెకు పోయి సాయంత్రానికి వచ్చేవాడు. నేను డిగ్రీ అయిపోయి, బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో జనాలకు దరఖాస్తులు నింపిపెట్టే పనిలో ఉన్నాను. దాని యజమానిని అందరూ నెట్టన్న అనేవాళ్ళు. ఆయన దగ్గరే ఒక పాత కంప్యూటర్ కొనుక్కుని, ఇంటి వెనక రేకుల గదిలో పెట్టుకున్నాను. ఎండాకాలం ఆ గదిలో కూర్చుంటే మనిషి అప్పడంలా వేగిపోతాడు. అయినా పెద్ద రచయితలు కష్టపడ్డారని ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి, రాయడం తప్ప తక్కిన కష్టాలన్నీ పడ్డాను.

నెట్ సెంటర్లో పని తక్కువున్నప్పుడల్లా కొత్త ఎడిటర్లు దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. ఒకదాంట్లో తెర మొత్తం నల్లగా ఉండేది. కరెంటు పోయినా తేడా తెలిసేది కాదు, ఒకసారి పోయిన కరెంటు ముందు చాలాసేపు ధ్యానంగా కూర్చున్నాను. ఇంకొకటి రాసిన మాటలు ఎన్నో లెక్క చెప్పేది. దాని మొహం చూస్తే నాకు చిన్నప్పటి లెక్కల అయ్యవారు గుర్తొచ్చి రెండో రోజే తీసేశాను. ఒకదాంట్లో తుడిపే బొత్తం పనిచేయదు, తప్పో ఒప్పో ముందుకే పోవాలి. ఇంకొకటి ఇంగ్లీషును ముత్యాల్లా చూపించి, తెలుగు రాగానే గళ్ళు గళ్ళుగా చేసి పెట్టేది. అన్నింటినీ ఒకే వాక్యంతో పరీక్షించేవాణ్ణి. అది నా నవలలో మొదటి వాక్యం: "ఆకాశంలో మబ్బు లేదు." ఎన్ని ఎడిటర్లు తెచ్చానో అన్నింట్లోనూ ఆకాశంలో మబ్బు లేకుండానే పోయింది. రెండో వాక్యం దాకా ఏ ఎడిటరూ నన్ను తీసుకుపోలేదు.

"ఏమప్పా, మళ్ళా ఇంకోటా? నిన్న దింపుకున్న దానికేం రోగం?" అని నెట్టన్న అడిగేవాడు.

"దాంట్లో మూలకు గడియారం కనపడ్తాందన్నా. ధ్యాస పోతాంది."

"కథ యాడిదాకా వచ్చె?"

"ఎడిటర్ కుదిరినంక మొదలుపెట్టేదేనన్నా."

"గిన్నె నచ్చలేదని సంగటి చేసుకోకుండా పస్తుండేటోన్ని నిన్నే చూస్తి సామీ," అని ఆయన నవ్వి, వచ్చినవాళ్ళ హాల్‌టికెట్లు తీయడంలో పడేవాడు.

ఆఖరికి ఒకటి కుదిరింది. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, ఇంకేమీ లేవు. ఒకే ఒక్క సోకు ఏమంటే, బొత్తం నొక్కినప్పుడల్లా పాతకాలపు టైపు మిషన్ మాదిరి "టప్" అని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వింటే చాలు, నేను అప్పటికే నాలుగు నవలలు రాసి ఐదోది రాస్తున్నట్టు ఉండేది. కంప్యూటర్ స్పీకర్లలో అది పిచ్చుక నడిచినంత చిన్నగా వినపడుతోందని, పెండ్లిళ్ళకు మైకు సెట్లు బాడుగకిచ్చే స్నేహితుణ్ణి అడిగి, బానంత స్పీకర్ ఒకటి తెచ్చి రేకు గోడకు ఆనించి పెట్టాను. ఇక టప్ అంటే రేకు అదిరేది. సాదాగా ఉండాలని వెతికి వెతికి, చివరికి పెండ్లి మైకు దాకా వచ్చాను చూడండి.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. నాలుగు చినుకులు రాలితే వానొచ్చిందని అరిచే మనుషుల మధ్య, ఆయన ఒక్కడే వేలు మట్టిలోకి గుచ్చి, తడి ఎంతదాకా దిగిందో చూసి (దాన్నే పదును అంటాం), ఆ తర్వాతే నోరు తెరిచేవాడు. మాకు మబ్బు ఉరవకొండ మీదుగానే పల్లెకు వచ్చేది. అందుకని మబ్బు పట్టినప్పుడల్లా పల్లెవాళ్ళు నాయనకు ఫోన్ చేసేవాళ్ళు. "పడింది" అని ఆయన అన్నాడంటే ఇంక ఎవరూ ఆకాశం చూసేవాళ్ళు కాదు, నేరుగా విత్తనం మూటలు విప్పేవాళ్ళు. ఆయనకు ఆస్తి కొంచెమే. ఆ మాటకున్న విలువే ఆయన అసలు ఆస్తి. ఆ ఏడు వానలకు ముందు బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు వేసుకుని, ముందు గదిలో మంచం మీద, చేతిలో సెల్లు, కిటికీలోంచి కనపడే జానెడు వాకిలి, ఇదే ఆయన లోకం. వేలు గుచ్చేందుకు మట్టి అందుబాటులో లేదు. విత్తనం వేసే గొర్రున్న ట్రాక్టర్ ఆ చుట్టుపక్కల పల్లెలన్నింటికీ ఒక్కటే. వాన పడగానే ఎవరు ముందు పిలిస్తే వాళ్ళ చేలోకి పోతుంది. తాను లేకపోతే మా చేను వెనకబడుతుందని ఆయన బెంగ.

ఆ రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. (మా దగ్గర మబ్బు పట్టడానికీ వాన పడడానికీ పెద్దగా చుట్టరికం లేదు.) అమ్మ వాకిట్లో బండలు కాలిపోతున్నాయని రెండు బిందెలు నీళ్ళు కుమ్మరించి, పక్క వీధిలో విత్తనం శనక్కాయలు ఒలిచేదానికి పోయింది. నాయన తిని కునుకు తీస్తున్నాడు. నేను రేకుల గదిలో తలుపు మూసుకుని "ఆకాశంలో మబ్బు లేదు" అని కొట్టాను. చుక్క పెట్టాను. తర్వాత ఏం రాయాలో తెలీలేదు. ఆలోచిస్తూ వేలు తీయడం మరిచిపోయాను. అది చుక్కల మీద చుక్కలు పెడుతూ పోయింది, టపటపటపటపమని. ఆహా, ఏం చప్పుడు! చప్పుడు ఇంకొంచెం పెంచాను. మహా రచయిత తెంపు లేకుండా రాస్తుంటే ఇట్లే ఉంటుంది గదా అని కళ్ళు మూసుకుని, వేలు నొక్కి పట్టి, అట్లే కూర్చున్నాను. నా జీవితంలో ఒక్క ఊపున నింపిన పేజీలు అవే. ఒక్క అక్షరం లేదు, అన్నీ చుక్కలే.

ముందు గదిలో నాయనకు మెలకువ వచ్చింది. వెనక రేకుల మీద వాన దంచుతోంది. ఆయన తొందరపడే మనిషి కాదు కాబట్టి కిటికీలోంచి కూడా చూశాడు. బండలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. పైన మబ్బు ఉండనే ఉంది. ఇంకేం కావాలి? పల్లెలో ఉన్న మా చిన్నాయనకు ఫోన్ కొట్టాడు.

"ఒరే, ఈడ వాన దంచుతాండాది. నీ పక్కకే వస్తాది. ట్రాక్టరోన్ని పట్టుకోపో, ఎవురూ పిలవకముందే."

"నిజమేనా అన్నా? ఈడ ఇంగా ఎండే ఉండాది."

"నేనెప్పుడన్నా ఉత్త మాట చెప్పినానా?"

చెప్పలేదు. అందుకే చిన్నాయన పరిగెత్తాడు. చిన్నాయన పరిగెత్తడం చూసి పక్కింటివాళ్ళు అడిగారు, పక్కింటివాళ్ళను చూసి వీధి అడిగింది. ట్రాక్టర్ మనిషి ఇంకో పల్లెలో సగం దుక్కి వదిలిపెట్టి వచ్చి మా చేని గట్టు మీద నిలబడ్డాడు. అందరికంటే హుషారు పడింది మా వజ్రాల మామ. ఏటా తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో రాళ్ళు వెతకడానికి పోయే మనిషి ఆయన. వాన కడిగిన మట్టిలో వజ్రం తళుక్కుమంటుందని, అందరికంటే ముందు పోయినవాడికే అది దొరుకుతుందని ఆయన నమ్మకం. ఉరవకొండలో దంచిందంటే వజ్రకరూరులో పడకుండా ఉంటుందా అని ఆటో మాట్లాడి, మనుషుల్ని ఎక్కించుకుని పోయాడు. అక్కడ చేలల్లో దుమ్ము తప్ప ఏమీ లేదు. గొర్రెలు మేపుకుంటున్న ఒకాయన వీళ్ళను చూసి, "ఏమప్పా, ఏం ఎతుకుతాండారు?" అన్నాడట. మా మామ ఆకాశం వైపు చూసి, "వాన," అన్నాడట.

సాయంత్రానికి చిన్నాయన, ట్రాక్టర్ మనిషి, మోకాళ్ళ దాకా దుమ్ముతో వజ్రాల మామ, అందరూ మా ఇంటికి వచ్చారు. దారి పొడుగునా ఎక్కడా తడి లేదు. మా వీధిలో కూడా లేదు.

"యాడన్నా వాన?" అన్నాడు చిన్నాయన.

"పడిందిరా! రేకుల మీద దబదబా కొట్టె. బండలు తడిసింటే ఈ కండ్లతో చూస్తి," అన్నాడు నాయన.

అప్పుడే వచ్చిన అమ్మ, "అయ్యో, అవి నేను పోసిన నీళ్ళు!" అంది.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. "కాలు ఇరిగితే కాలికే గదా కట్టు కట్టేది, పెద్దాయనకు తలకు గూడా కట్టిండాల్సింది," అన్నాడు ట్రాక్టర్ మనిషి. "మాత్తర్లు ఎక్కువైంటాయి," అన్నాడు మామ. నాయన నవ్వలేదు. నా వైపు తిరిగి, "నువ్వు రేకుల గదిలోనే ఉంటివి గదరా. చెప్పు. వాన పడలే?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. రేకులు, దబదబా, గోడకు ఆనించిన స్పీకర్, నా వేలు. ఇంతమంది ముందు చుక్కలు కొట్టానని ఎట్లా చెప్పను? ఆ స్పీకర్ పోతుంది, కంప్యూటర్ పోతుంది, కుదరక కుదరక కుదిరిన ఎడిటర్ పోతుంది. "రాసుకుంటాంటి నాయనా. గమనించలే," అన్నాను, చాలా గంభీరంగా. నాయన నన్ను ఒక్క నిమిషం చూసి, తల అవతలికి తిప్పుకున్నాడు. తన చెవుల మీద తనకే అనుమానం వచ్చిన మనిషి మొహం అప్పటిదాకా నేను చూసి ఉండలేదు.

తర్వాత నిజం వాన పడినప్పుడు పల్లెలో ఎవరూ ఆయన్ను అడగలేదు. ట్రాక్టర్ మనిషి మాత్రం ఫోన్ చేసి, "ఏం పెద్దాయనా, మంచం మీద ఎంత పదునైంది?" అని నవ్వి, మా చేను ఆఖరున విత్తాడు. ఎవడైనా గొప్పలు చెప్పుకుంటే "మంచం మీద వానలే" అనడం పల్లెలో మామూలైపోయింది. నాయన మాత్రం ఇంక ఎప్పుడూ వాన మాట ముందు ఎత్తలేదు. తడిసి ముద్దై ఇంట్లోకి వచ్చి కూడా, "బయట ఏమో మరి, మీరే చూసుకోండి," అనేవాడు. నేను? స్పీకర్ వెనక్కిచ్చేశాను. ఎడిటర్ తీసేశాను. ఇంకొకటి వెతకడం మొదలుపెట్టాను.

మొన్నీమధ్య ఇంటికి చుట్టాలొచ్చి, మా పిల్లల ముందు మళ్ళీ మంచం మీద వాన కథ ఎత్తుకున్నారు. నాయన తనూ నవ్వుతున్నట్టు పెదాలు కదిలించాడు. వాళ్ళు పోయాక ఇంక ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. ఆయన విని, చెవి ఒకసారి తడుముకున్నాడు. తర్వాత, "అయితే నా చెవులు బాగానే ఉండాయి," అన్నాడు. ఆ వెంటనే, "నాకు చెప్తే ఏమొస్తాదిరా? పల్లెకు పోయి ఆళ్ళకు చెప్పు," అన్నాడు.

పోయాను. చిన్నాయన విని, "పోనీలేరా, ఎప్పటి సంగతో," అన్నాడు. వజ్రాల మామ అయితే కోప్పడ్డాడు. "ఏం టైపు మిషనూ ఏం చుక్కలూ? మీ నాయన మంచం మీద వాన చూసె, అంతే. బంగారట్ల కథ, పాడు చేయాకు అల్లుడా," అన్నాడు. ట్రాక్టర్ మనిషికి ఎడిటర్ అంటే ఏమిటో రెండుసార్లు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీ నాయనంటే నీకు శానా అభిమానంప్పా," అని భుజం తట్టాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే, "నోటితో చెప్తే ఇనకపోతే రాయి. రాసేటోన్ని అంటివి గదా ఆ పొద్దు," అన్నాడు నాయన. ఏ ఎడిటర్లో రాయాలా అని నా చెయ్యి అలవాటు కొద్దీ వెతుకులాటకు పోబోయింది. పట్టి ఆపాను. ఫోన్లో మెసేజ్ కొట్టే డబ్బా తెరిచి ఉంటే, దాంట్లోనే మొదలుపెట్టి, దాంట్లోనే పూర్తి చేశాను. గడియారం కనపడుతూనే ఉంది. మధ్యలో గ్యాస్ బండ మెసేజ్ కూడా వచ్చింది. ధ్యాస ఎక్కడికీ పోలేదు.

పూర్తయ్యాక నాయనకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. "ఇంత పొడుగెందుకురా? ఆ పొద్దు వాన పడలే, తప్పు మా నాయనది గాదు. ఇంతే గదా," అన్నాడు.

ఇంతే. రెండు మాటలు రాయడానికి ఒక ఎండాకాలమంతా చోటు వెతుక్కుంటూ, చెమటలు కక్కుతూ రేకుల కింద కూర్చున్నాడే, ఆ పిల్లోణ్ణి తలుచుకుని గట్టిగా తిట్టుకుందామనుకున్నాను. తిట్టు నోటిదాకా వచ్చి, నవ్వైపోయింది.